అప్‌డేట్: పాప నుదుటి మీది తెల్లమచ్చ బొల్లి కాదట

పోయిన నెల అడిగిన కదా, మా పాపకు పుట్టినప్పటి సంది నుదుటి మీద తెల్లమచ్చ, ఆడనే తెల్ల జుట్టు కుచ్చు ఉన్నది, బొల్లేనా అని. హన్మకొండల స్కిన్ డాక్టర్‌కు చూపించినం. పైబాల్డిజం అన్నడు.

బొల్లి అయితే పుట్టినంక ఎప్పుడో వచ్చేది. ఒంట్లె రక్షణ కణాలే రంగు కణాలను చంపుతయి, మచ్చలు పెరగొచ్చు. పైబాల్డిజం పుట్టుకతోటే వస్తది, ఎక్కువగా కిట్ అనే జన్యువు మార్పుతోటి. ఆ చోటికి రంగు కణాలే చేరవు. పెద్దగ మారదు. తల్లిదండ్రుల్ల ఒకరికుంటే ప్రతి బిడ్డకు సగం అవకాశం.

గీ మాట వినంగనే మా ఆయన తల దించుకున్నడు. చిన్నప్పటి సంది ముందు జుట్టుకు రంగేస్తుండట! నాలుగేండ్ల సంసారం, నాకు తెల్వనే తెల్వదు. అత్తమ్మకు తెలుసు. అయినా 'చేపలు తిని పాలు తాగినవ్' అని నన్నే అన్నది.

ఇట్లనే తెల్లకుచ్చు వచ్చే ఇంకో పుట్టుక జబ్బు, వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ అయితే వినికిడి కూడా తగ్గొచ్చని చెవుల పరీక్ష చేయించిండ్రు. మంచిగనే వినవడుతుంది. ఎండల టోపీ, సన్‌స్క్రీన్, అంతే.