నిజాంపట్నం మడ బురదలో నెరీడ్ పురుగు: కొత్త జాతి అని రాయొచ్చా?

గుంటూరు_జువాలజీ:
నమస్కారం అండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం నిజాంపట్నం మడ అడవి పాయల బురద తెచ్చి 0.5 మి.మీ. జల్లెడ పడుతున్నాం. పెరినెరీస్ (నెరీడ్ కుటుంబంలో ఒక ప్రజాతి)లా ఉన్న 2 సెం.మీ. పురుగు ఒకటి ఫావెల్ 1953 కీలో (జాతిని గుర్తించే ప్రశ్నల పట్టికలో) దేనికీ కుదరడం లేదు. తొండం ఆరో ప్రాంతంలో అడ్డపట్టీలు ఉన్నాయి, మూడో ప్రాంతంలో పారాగ్నాత్‌ల (తొండం మీది చిన్న గట్టి పళ్ల) లెక్క తేడాగా ఉంది. దొరికింది ఒక్కటే. రోజ్ బెంగాల్ రంగు వేసి ఏరాం, 10% ఫార్మలిన్‌లో ఉంది. కొత్త జాతి అనొచ్చా? మా గైడ్ మేడమ్ పేరు పెట్టాలని ఉంది.

బందరు_బెంథోస్:
ఇప్పుడే అనొద్దండి. పారాగ్నాత్‌ల లెక్క ఒళ్లు పెరిగేకొద్దీ మారుతుంది. మీది పిల్ల పురుగేమో ఒక్కదాన్ని చూసి తేల్చలేం. చిన్నవీ పెద్దవీ కలిపి వరుసగా ఉండాలి. ఇంకోటి, ఈ కుటుంబంలో గుడ్లు పెట్టే వేళకు కళ్లు ఉబ్బి, పక్క కాళ్లు ఈతకు తగ్గట్టు మారతాయి. పూర్వం ఆ రూపాన్నే వేరే ప్రజాతి అనుకుని హెటెరోనెరీస్ అని పేరు కూడా పెట్టారు.

కీలో కుదరకపోవడం కన్నా కుదరడమే పెద్ద ఉచ్చు. మన పాత జాబితాల నిండా యూరప్ పేర్లే. మార్ఫైసా సాంగ్వినియా అనే పేరుతో మొదట వర్ణించింది ఇంగ్లండ్‌లో డెవన్ తీరపు పురుగును. డయోపాట్రా నియాపాలిటానా నేపుల్స్‌ది. ఆ పేర్లు మన బురదకు అంటించినవాటిని మళ్లీ చూడాల్సిందే. మీరు ముందు సదరన్ 1921లో రాసిన చిలికా సరస్సు పేపర్ తీయండి. మార్ఫైసా గ్రేవ్లీ, డెండ్రోనెరీస్ ఈస్టువారినా అందులోవే. తర్వాత వోర్మ్స్ (సముద్ర జీవుల పేర్ల జాబితా) డేటాబేస్‌లో పెరినెరీస్ కింద ఉన్న పేర్లన్నీ, పర్యాయపదాలుగా తోసేసినవాటితో సహా, రాసుకుని ఒక్కోదాని మొదటి వర్ణన చదవండి. అలా తోసేసిన పేరే మీ పురుగుదని తేలితే ఆ పాత పేరే మళ్లీ వాడాలి, కొత్తది పెట్టడానికి వీల్లేదు.

కృష్ణా_పాయ:
ఆ నమూనా డీఎన్ఏకు దాదాపు పనికిరాదండి, ఫార్మలిన్ దాన్ని ముక్కలు చేస్తుంది. రోజ్ బెంగాల్ కూడా సహజ రంగును, గ్రంథుల గుర్తులను కప్పేస్తుంది. లెక్కలకు బాగుంటుంది గానీ వర్ణనకు కాదు. మళ్లీ తెచ్చుకోండి. కృష్ణా అభయారణ్యం హద్దులో అయితే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

బతికున్నవాటిని ముందు మత్తులో పెట్టాలి. లీటరు మంచినీళ్లలో 73 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కరిగించి, అంతే కొలత సముద్రపు నీళ్లు కలపండి. వానాకాలంలో పాయ నీళ్లు చప్పబడితే ద్రావణాన్నీ ఆ మేరకు పలచన చేయాలి, లేకపోతే పురుగు ముడుచుకుపోతుంది. పావుగంట, అరగంట తర్వాత సూదితో తాకినా కదలకపోతే చాలు. అప్పుడు తల వెనక మొద్దు ఫోర్సెప్స్‌తో మెల్లగా నొక్కితే తొండం బయటికొస్తుంది. రాకపోతే తర్వాత కడుపు వైపు గాటు పెట్టి లోపలే చూడాలి, కానీ అలా కోస్తే పారాగ్నాత్‌లు చెదిరిపోతాయి. రంగులున్నప్పుడే ఫొటోలు తీయండి.

వెనక కొసన కొన్ని ఖండాలు కోసి 95% ఆల్కహాల్‌లో వేయండి, మర్నాడు ఆల్కహాల్ మార్చండి. మిగతా ఒళ్లు బోరాక్స్ కలిపిన 10% ఫార్మలిన్‌లో ఒక రోజు ఉంచి, కడిగి, 70% ఆల్కహాల్‌లోకి మార్చాలి. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి. బాల్ పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. పక్క కాళ్లు ముందు, మధ్య, వెనక భాగాల నుంచి తీసి గ్లిజరిన్‌లో 400 రెట్లలో చూస్తే నూగు ముళ్ల ఆకారం తెలుస్తుంది. ఏ ఖండం నుంచి తీశారో రాయకపోతే ఆ బొమ్మలు వృథా.

సీఓఐ, 16ఎస్ అనే రెండు జన్యువుల డీఎన్ఏ వరస చదివించండి. సీఓఐకి ఫోల్మర్ ప్రైమర్లు (ఆ జన్యువును కాపీ చేయడానికి వాడే చిన్న డీఎన్ఏ తునకలు) పాలీకీట్లలో (నెరీడ్‌లు చేరే నూగు ముళ్ల పురుగుల్లో) తరచూ మొరాయిస్తాయి, పాలీఎల్‌సీఓ, పాలీహెచ్‌సీఓ ప్రైమర్లు ప్రయత్నించండి. జెన్‌బ్యాంక్ అనే డీఎన్ఏ వరసల డేటాబేస్‌లో పేర్లు తప్పుగా పెట్టినవి బోలెడు. పోలిక శాతం ఒక్కటీ చూసి తీర్పు చెప్పొద్దు.

టైప్_స్పెసిమెన్:
పేరు సంగతి. జంతునామ నియమావళి ప్రకారం 2000 నుంచి హోలోటైప్ (పేరుకు ఆధారమయ్యే ఒక్క నమూనా) ఏదో, ఏ సంగ్రహాలయంలో, ఏ ఊళ్లో పెట్టారో పేపర్లోనే రాయాలి. మన జీవవైవిధ్య చట్టం, 2002, సెక్షన్ 39 ప్రకారం కొత్త టాక్సాన్ (జాతి లాంటి వర్గం) సంగతి గుర్తింపు పొందిన భాండాగారానికి తెలియజేసి, నమూనాను అక్కడే జమ చేయాలి. జువలాజికల్ సర్వే అలాంటిదే. కాలేజీ మ్యూజియం అల్మారా సరిపోదు. ఆన్‌లైన్ పత్రికలో మాత్రమే వస్తే జూబ్యాంక్‌లో (జంతువుల పేర్ల నమోదు పట్టికలో) నమోదు చేసి, ఆ సంగతి పేపర్లోనే కనిపించేలా చూసుకోండి. అది లేకపోతే పేరు చెల్లదు.

మేడమ్ పేరైతే చివర ‘ఏ-ఈ’ అక్షరాలు, మగవారిదైతే ‘ఐ’. ఇక్కడే చాలామంది తడబడతారు. ఊరి పేరైతే నిజాంపట్నమెన్సిస్, పెరినెరీస్ స్త్రీలింగం కాబట్టి అది కుదురుతుంది. అప్పటిదాకా థీసిస్‌లో, పోస్టర్లలో ‘పెరినెరీస్ ఎస్పీ. 1’ (జాతి ఇంకా తేలని పెరినెరీస్) అనే రాయండి. వర్ణన లేకుండా పేరు బయటికొస్తే అది ఉత్త పేరుగా తిరిగి తర్వాతివాళ్లకు తలనొప్పి.

గుంటూరు_జువాలజీ:
ధన్యవాదాలండి. హేచరీ కాలవ పక్కన ఇలాంటివే చాలా ఉన్నాయి. అవి సరిపోతాయా?

బందరు_బెంథోస్:
హోలోటైప్‌కు వద్దు. తల్లి రొయ్యల మేతకు పాలీకీట్లను బయటి నుంచి తెస్తారు, తప్పించుకున్నవి ఎక్కడివో చెప్పలేం. టైప్ స్థలమే (హోలోటైప్ దొరికిన చోటే) అనుమానంలో పడుతుంది. విడి సీసాలో 95% ఆల్కహాల్‌లో ఉంచండి, డీఎన్ఏ పోలికకు పనికొస్తాయి. హోలోటైప్ పాయలోంచే తీయండి, జీపీఎస్ గుర్తుతో, నీటి ఉప్పదనం కొలిచి.