కొర్రమట్టకు ఏ రాడ్, ఏ రీల్ తీసుకోవాలె?

అన్నలూ, మాది నర్సంపేట దిక్కు. చిన్నప్పటి సంది వెదురు కర్ర, బెండు, ఎర్రలతోనే గాలం ఏసినోణ్ని. ఈ ఎండాకాలం మొదటిసారి ఆన్‌లైన్‌ల సెట్ కొన్న: ఏడడుగుల మీడియం (నడిమి గట్టితనం) రాడ్, 3000 సైజు స్పిన్నింగ్ రీల్, సన్న నైలాన్ దారం.

మొన్న పొద్దుగాల్ల తామరాకుల మీదికెళ్లి ఎరగా కట్టిన రబ్బరు కప్పను గుంజుకుంట వస్తుంటే ధబ్బున నీళ్లు లేచినయ్. ఆగబట్టలేక వెంటనే రాడ్ గుంజి కొట్టిన. ఉత్త కప్ప ఎగిరొచ్చి మోకాలుకు తాకింది! రెండోసారి పడ్డది గానీ తామర కాడలల్లకు దూరి దారం తెంపుకొని పోయింది. 350 రూపాయల కప్ప గంగపాలు. మా బాపు నవ్వుడే నవ్వుడు.

వీడియోలు చూద్దామంటే అన్నీ అమెరికా బాస్ చేపలవే. అది మన చెరువులల్ల ఉండదాయె. కాకపోతే దానికోసం చేసిన కప్పలే, కొక్కేలు పైకి ఉంటయి గనుక, మన నాచులో కూడా చిక్కకుండ వస్తున్నయ్.

ఇప్పుడు చెప్పుండ్రి: ఇదే రాడ్‌కు 40 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (అల్లిన) దారం ఏస్తే తట్టుకుంటదా, ఇంకింత గట్టి మీడియం హెవీ రాడ్ కొనుడేనా? బైట్‌క్యాస్టర్ (రాడ్ మీద కూసుండే) రీల్ మంచిదంటున్నరు, కొత్తోళ్ల చేతుల దారమంతా పిట్టగూడు లెక్క చిక్కువడతదట, నిజమేనా? కప్పను మింగినంక ఎంతసేపు ఆగి కొట్టాలె? మొత్తం 5000 దాటొద్దు.

పిల్లలను కాచుకుంట తిరిగే కొర్రమట్ట జోడిని మాత్రం నేను పట్టను, ఆ ఉపాయాలు చెప్పకుండ్రి.