బరువు తగ్గాక వేలాడే చర్మం: తొలగింపు వైద్యమా, అలంకారమా?

రాజోలు గృహిణి:
బరువు తగ్గించే బేరియాట్రిక్ శస్త్రచికిత్స తర్వాత నా బరువు బాగా తగ్గింది, మధుమేహం మాత్రలూ ఆగిపోయాయి. అయితే పొత్తికడుపు చర్మం మడతపడి తొడల మీదికి వేలాడుతోంది. మన కోనసీమ ఉక్కపోతలో ఆ మడత కింద చెమట ఆరదు. ఒరుసుకుని పుండ్లు పడుతున్నాయి, ఫంగస్ మందు రాసినా మళ్లీ తిరగబెడుతున్నాయి. ఆ చర్మాన్ని తీయించుకుందామంటే, అది సౌందర్య చికిత్స అని బీమా సంస్థ నిరాకరించింది. ఇది న్యాయమేనా?

భీమవరం రైతు:
అమ్మా, మొదటి ఆపరేషన్ ప్రాణం కోసం, రెండోది అందం కోసం. రోజూ వ్యాయామం చేస్తే చర్మం దానంతటదే బిగుస్తుంది.

కాకినాడ నర్సు:
బిగుసుకోదండి. వ్యాయామంతో కింది కండరం పెరుగుతుందే తప్ప, ఏళ్ల తరబడి సాగిపోయిన చర్మంలో దెబ్బతిన్న ఎలాస్టిన్, కొల్లాజెన్ (చర్మాన్ని బిగువుగా ఉంచే పోగులు) పూర్వస్థితికి రావు. పూత మందులతోనూ అది జరగదు. సాధారణంగా 12 నుంచి 18 నెలల్లో బరువు ఒక స్థాయికి వస్తుంది, ఆ తర్వాత కనీసం 6 నెలలు నిలకడగా ఉన్నాకే చర్మం తొలగిస్తారు.

భీమవరం రైతు:
18 నెలలని మీరే అంటున్నారు. ఆవిడకు ఎన్ని నెలలైందో చెప్పనేలేదు.

రాజోలు గృహిణి:
రెండేళ్లు దాటింది.

భీమవరం రైతు:
బరువు నిలకడగా ఉందని మాత్రం చెప్పలేదు. మా తమ్ముడు తొందరపడి తీయించుకుంటే కుట్లు విడిపోయాయి, లోపల నీరు చేరింది, నెలల తరబడి కట్లు మార్చాల్సి వచ్చింది.

తణుకు మాస్టారు:
పొగ తాగే అలవాటున్నా, మాంసకృత్తులు తగ్గినా గాయం మానదు. అది కూడా చూడాలి.

కాకినాడ నర్సు:
ఆ ముప్పు నిజమే, అందుకే ముందుగా రక్తంలో ఇనుము, ప్రోటీన్ పరీక్షిస్తారు. ఇక బీమా సంగతి: 2019లో బీమా నియంత్రణ సంస్థ ఖరారు చేసిన మినహాయింపుల (బీమా వర్తించని చికిత్సల) నిబంధనల ప్రకారం, ప్రత్యక్షమైన, తక్షణమైన ఆరోగ్య ముప్పును తొలగించడానికి అవసరమైన ప్లాస్టిక్ సర్జరీని, చికిత్స చేస్తున్న వైద్యుడు ధ్రువీకరిస్తే, సౌందర్య చికిత్స కింద తోసిపుచ్చకూడదు. వేలాడే మడతను మాత్రమే తీయడం వేరు, కండరాలు కూడా బిగించి నడుమును తీర్చిదిద్దే టమ్మీ టక్ వేరు. దరఖాస్తులో ఈ తేడా స్పష్టంగా రాయించండి.

రాజోలు గృహిణి:
నేను అడిగేది మొదటిదే. కుచ్చిళ్లు దోపుకునే చోట పుండు పడి, పెళ్లిళ్లలో కూర్చోలేక లేచి వచ్చేస్తున్న మనిషిని పట్టుకుని అందం కోసమంటారా? మీ తమ్ముడు చేయించుకున్నప్పుడు అది వైద్యమేనా, నేను అడిగితే సోకయిందా?

భీమవరం రైతు:
నా కోపం మీ మీద కాదమ్మా. తమ్ముడి మొదటి ఆపరేషనుకే చెరువు లీజు కోసం దాచిన డబ్బు ఖర్చయింది. ఆ తర్వాత ఇంకొకటి అవసరం కావచ్చని ఆ ఆసుపత్రిలో ఒక్కరూ ముందుగా చెప్పలేదు. రెండోదానికి చేసిన అప్పుకు ఇప్పటికీ వడ్డీ కడుతున్నాం.

రాజోలు గృహిణి:
ఆసుపత్రి దాచిందని అడగండి, నేనూ మీతోపాటు అడుగుతాను. నా పుండును మాత్రం అలంకారం అనకండి. చర్మవ్యాధి వైద్యుడి చీటీలు, ఫోటోలు, సర్జన్ ధ్రువపత్రం జతచేసి మళ్లీ దరఖాస్తు చేస్తున్నాను.

భీమవరం రైతు:
చేయండి. బీమా రాకపోతే మాత్రం అప్పు చేసి వెళ్లవద్దనే ఇప్పటికీ అంటాను.

రాజోలు గృహిణి:
అది నేనూ, మా ఇంట్లోవాళ్లూ తేల్చుకోవలసిన విషయం.