ఇలకోడి కూస్తుందా, అరుస్తుందా?

వర్షారణ్యాల పురుగుల మీద వ్యాసం రాస్తున్నాను. మగ పురుగు ఆడదాన్ని రప్పించుకోవడానికి చేసే శబ్దానికి ఏ మాట వాడాలో తేలక ఆగిపోయాను. అరుపు అందామంటే వాటికి గొంతే లేదు. ఇలకోడి, అంటే కీచురాయి, తన ముందు రెక్కలు రెండూ రాపాడిస్తుంది, అంతే. రొద అని రాశాను గానీ మనసొప్పలేదు. ఏమంటారండీ?

— "కూత" అనండి. ఆ పేరులోనే ఉందిగా! ఇలకోడి అన్న మాటలో కోడి ఉంది. కోడి కూసిందంటే కూసింది పుంజే కదా, ఇలకోడిలోనూ కూసేది మగదే. ఆడది వింటుంది, దాని చెవులు ముందు కాళ్ల మీద ఉంటాయి. ఇక గొంతు సంగతంటారా, రైలు కూత అంటున్నాం, దానికి గొంతుందా? రొద మాత్రం వద్దండీ. అది వినేవాడి విసుగును చెప్పే మాట.

— రైలు కూతతో నా అనుమానం తీరింది, థాంక్సండీ. కానీ పనామా అడవుల దగ్గర మళ్లీ చిక్కొచ్చింది. అక్కడ కొన్ని గబ్బిలాలు కూతను బట్టి వచ్చి పురుగును పట్టి తినేస్తాయి. అందుకే ఆకుల్లా కనిపించే ఒక రకం మిడతలు చాలా తక్కువగా కూస్తాయి. దానికి బదులు కొమ్మ మీద నిలబడి ఒళ్లు ఊపుతాయి. ఆ కదలిక కొమ్మ వెంట పోయి ఆడదాని కాళ్లకు తెలుస్తుంది. చప్పుడే లేనిదాన్ని కూత అనలేను కదా. అమెరికా ఖండపు వర్షారణ్యాల్లో ఆర్కిడ్ తేనెటీగలు ఇంకా వింత. మగ ఈగ పూలనుంచి, పుచ్చిన కొయ్యనుంచి వాసనలు పోగుచేసి వెనక కాళ్లలోని సంచుల్లో దాచుకుంటుంది, జత కోసం వాటిని గాలిలోకి వదులుతుంది.

— మిడతది "అదురు" అనొచ్చు. ఈగకు "పరిమళం" చాలు. అన్నిటికీ కలిపి "పిలుపు" నాకు నచ్చిన మాట, అందులో చెవీ ముక్కూ కాలూ అన్నీ ఇముడుతాయి. "ఎర వేస్తుంది" అని మాత్రం రాయకండి. ఎర తినడానికి వేసేది. కొన్ని ఆడ మిణుగురులు వేరే జాతి ఆడదానిలా వెలిగి, నమ్మి వచ్చిన మగదాన్ని తినేస్తాయి. ఎర అంటే అదీ!

— ఎర రెండుచోట్ల రాసేశాను, ఇప్పుడే కొట్టేశాను. "అదురు" ఉంచుతున్నాను.