ఎండకు పసిబిడ్డకు నీళ్లు పట్టొచ్చా?

ప్రశ్న (ప్రొద్దుటూరు): బిడ్డకు 20 రోజులు. గొంతెండుతుందని అవ్వ చెంచాతో నీళ్లు పట్టమంటోంది. తల్లికేమో చనుమొనలు పగిలినాయి. ఏం చేయాల?

జవాబు: వద్దక్కా. తల్లిపాలలో 87 శాతం దాకా నీళ్లే. నీళ్లతో చిన్న కడుపు నిండితే బిడ్డ చీకడం తగ్గి, పాలూ తగ్గుతాయి. 6 నెలలు నిండేదాకా తల్లిపాలే, రోజుకు 8–12 సార్లు. దప్పికయినప్పుడల్లా తల్లి తాగాల.

జవాబు: చనుమొన ఒక్కటే పట్టుకుంటే పగుళ్లొస్తాయి. బిడ్డ నోరు బాగా తెరిచినాకనే రొమ్ముకు ఆనించండి. చుట్టూ ఉండే నల్లటి భాగం చాలావరకు నోట్లోకి పోవాల, గడ్డం రొమ్ముకు తగలాల, కింది పెదవి బయటికి తిరగాల. నొప్పెడితే లాగొద్దు, నోటి మూలలో శుభ్రమైన చిటికెనవేలు పెట్టి విడిపించి మళ్లీ పట్టించండి.

జవాబు: పాలు చాలుతుంటే బిడ్డ రోజుకు 6 సార్లయినా ఉచ్చ పోయాల. తగ్గినా, బిడ్డ పాలకు లేవకున్నా, తల్లికి జ్వరమొచ్చి రొమ్ము ఎర్రబడినా ఆ రోజే డాక్టరుకు చూపించండి.