ఉగాండా వైద్య శిబిరానికి వెళ్లే ముందు

ప్రశ్న: నేను హైదరాబాదులో స్టాఫ్ నర్సును. వచ్చే నెల ఉగాండాలోని ఒక గ్రామీణ వైద్య శిబిరానికి స్వచ్ఛంద సేవకు వెళ్తున్నాను. టీకాలు, మందుల విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

జవాబు: అమ్మా, ముందుగా నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి. టీకా వేసినట్టు ఇచ్చే ధ్రువపత్రం, అదే పసుపు పుస్తకం, టీకా వేసిన 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. అది లేకుండా తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌కు పంపుతారు.

జవాబు: మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ మాత్రలు రాసిస్తే, ఇంటికి వచ్చాక కూడా 4 వారాలు వాడాలండి. నేను పరగడుపున మింగి, కడుపులో తిప్పి, ఓపీ మధ్యలో బయటికి పరుగెత్తాను; భోజనం చేశాకే వేసుకోండి.

జవాబు: సిస్టర్ గారూ, సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ నివారణ మందులు 72 గంటలలోపే మొదలుపెట్టాలి కనుక, అవి శిబిరంలో ఉంటాయో లేదో నిర్వాహకులను ఇప్పుడే అడగండి.