సీసం తిన్న గేదెకు వైద్యం చేయించాలా, సంతకు తోలేయాలా?

పాడిరైతు_సత్తెనపల్లి: మా దొడ్డి పక్కనే పాత బ్యాటరీలు విప్పే షెడ్డు ఉంది. పోయిన నెల రెండు దూడలు కళ్లు కనబడక, పళ్లు కొరుకుతూ, గోడకు తల ఆనించి నిలబడి చచ్చిపోయాయి. పెద్ద గేదె బతికింది కానీ సరిగ్గా మేయడం లేదు. రక్తపరీక్షలో సీసం అని తేలింది. డాక్టరు గారు కాల్షియం ఈడీటీఏ ఇంజక్షన్లు అంటున్నారు. మా ఊళ్లో ఆ మందు దొరకడం లేదు, బయట నుంచి తెప్పిస్తే బోలెడు ఖర్చు. ఏం చేయమంటారు?

పల్లెటూరి_బాబాయ్: అయస్కాంతం మింగించండి. మా ఆవు తీగముక్క మింగితే అదే కాపాడింది.

పశువైద్య_విద్యార్థి: బాబాయ్ గారూ, అయస్కాంతం ఇనుమును పట్టుకుంటుంది, సీసాన్ని పట్టదు.

పల్లెటూరి_బాబాయ్: మా ఆవు బతికిందా లేదా?

పశువైద్య_విద్యార్థి: బతికింది, అది మింగింది ఇనప తీగ కాబట్టి. బ్యాటరీ పలకల ముక్కలు పొట్ట అడుగున కూర్చుని కొద్దికొద్దిగా కరిగి రక్తంలోకి ఎక్కుతుంటాయి. ఈడీటీఏ రక్తంలోని సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపుతుంది. దాంతోపాటు బి1 విటమిన్ ఇంజక్షన్ ఇస్తారు. ఎప్సమ్ సాల్ట్ తాగిస్తే పొట్టలో మిగిలిన సీసం చాలావరకు కరగని రూపంలోకి మారి పేడలో పోతుంది. మందు కొనేటప్పుడు లేబుల్ చదవండి, ‘కాల్షియం డైసోడియం’ అని ఉండాలి. కాల్షియం లేని డైసోడియం ఈడీటీఏ నరంలోకి ఎక్కిస్తే రక్తంలో కాల్షియం పడిపోయి గేదె చస్తుంది.

పల్లెటూరి_బాబాయ్: బ్యాటరీలో ఇనుము అసలు ఉండదంటావా? చదువుకున్నారు కానీ పశువును చూడలేదు మీరు.

కొత్తమజ్జిగ: పిచ్చికుక్క కరవలేదని తేల్చుకున్నారా? లక్షణాలు కొన్ని అలాగే ఉంటాయి. నోట్లో చెయ్యి మాత్రం పెట్టకండి.

గుంటూరు_గేదె: అందరూ మందు గురించే మాట్లాడుతున్నారు. ఆ గేదె పాలు ఇప్పుడు ఎవరు తాగుతున్నారు?

పాడిరైతు_సత్తెనపల్లి: కేంద్రానికి పోస్తున్నాం. ఎవరైనా కాచుకునే తాగుతారు కదండీ.

గుంటూరు_గేదె: కాస్తే సీసం పోదు. నీరు ఇగిరితే ఇంకా చిక్కబడుతుంది. పాలలో సీసానికి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు కిలోకు 0.02 మిల్లీగ్రాములు. ఆ పాలు తాగేది పసిపిల్లలు.

పాడిరైతు_సత్తెనపల్లి: పాలు పోయకపోతే కిస్తీ మీరు కడతారా?

పశువైద్య_విద్యార్థి: అన్నా, కోపం వద్దు. ఇంజక్షన్లు పూర్తయినా ఎముకల్లో చేరిన సీసం ఉంటుంది. ఈనినప్పుడు, పాలిచ్చేటప్పుడు ఎముకల్లోంచి కాల్షియంతో పాటు అదీ కదులుతుంది. నెలల తరబడి రక్తం, పాలు మళ్లీ మళ్లీ పరీక్ష చేయించాల్సిందే.

పాడిరైతు_సత్తెనపల్లి: ఇంత తంటా ఎవడు పడతాడు? తోలేస్తాను.

గుంటూరు_గేదె: కొనేవాడికి చెప్తారా?

పాడిరైతు_సత్తెనపల్లి: చెప్తే ఎవడు కొంటాడు?

గుంటూరు_గేదె: ఇదన్నమాట సంగతి! వైద్యమా, సంతా అని అడిగారు కానీ మీకు కావలసింది దాచిపెట్టి అమ్ముకోవడానికి మా అనుమతి. పోయినేడు సంతలో నాకూ ఒకడు ఇలాగే గేదెను అంటగట్టాడు. ఇంటికి తెచ్చాక మేత ముట్టలేదు, చివరికి చచ్చింది.

పశువైద్య_విద్యార్థి: అది సీసం వల్లేనని పరీక్షలో తేలిందా?

గుంటూరు_గేదె: పరీక్ష ఎందుకు? అమ్మినవాడి మొహం చూస్తే తెలిసింది.

పాడిరైతు_సత్తెనపల్లి: మీకు అమ్మింది నేను కాదు! ఇన్ని మాటల్లో ఆ షెడ్డు వాడిని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. నా దూడలు పోయాయి, దొంగను మాత్రం నేనే అయ్యాను.

ఊరి_వకీలు: ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు నమోదైన రీసైక్లర్ల దగ్గరికే వెళ్లాలి. రక్తం రిపోర్టు జతచేసి కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇవ్వండి. దూడలకు పోస్టుమార్టం చేయించారా?

పాడిరైతు_సత్తెనపల్లి: లేదండీ, పాతిపెట్టేశాం.

ఊరి_వకీలు: అయితే మీ చేతిలో ఉన్న ముఖ్యమైన సాక్ష్యం ఆ గేదే. దాన్ని సంతకు తోలి పరిహారం అడిగితే ఎవరిస్తారు?

పల్లెటూరి_బాబాయ్: కబేళాకు పంపేస్తే గొడవ వదిలిపోతుంది.

పశువైద్య_విద్యార్థి: కాలేయం, మూత్రపిండాల్లో సీసం ఎక్కువగా చేరుతుంది బాబాయ్ గారూ. అవీ తినేవాళ్లున్నారు.

పాడిరైతు_సత్తెనపల్లి: సరే, ఫిర్యాదు రాస్తాను. కేంద్రానికి పాలు ఆపుతాను. షెడ్డు వాడు డబ్బు కట్టకపోతే మాత్రం గేదె సంతకే, అక్కడ ఎవరికి ఏం చెప్తానన్నది నా ఇష్టం.

గుంటూరు_గేదె: మీ ఇంట్లో కూడా ఆ పాలు ఆపండి ముందు.